ఆ రక్తపరీక్షకు ముందు డాక్టర్‌ని అడగాల్సిన మాట

ప్రశ్న: మాది వరంగల్. మా నాన్నకు 62 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. రెండో స్టేజ్ అన్నారు, అడినోకార్సినోమా అని రిపోర్టులో ఉంది. కీమో పూర్తయింది. క్యాన్సర్ తిరగబెడితే స్కాన్ కంటే ముందే పట్టేసే రక్తపరీక్ష ఉందని ఒక ల్యాబ్ వాళ్లు చెప్పారు. ఒకసారికి 60 వేలట, మూడు నెలలకోసారి చేయించాలట. నా జీతం 55 వేలు. నాన్న పేరు మీద 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయాలా, పర్సనల్ లోన్ పెట్టాలా? నాన్న నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు.

జవాబు: లోన్ మాత్రం వద్దమ్మా. ఎఫ్‌డీ జోలికి కూడా ఇప్పుడే వెళ్లకండి. ల్యాబ్ చెప్పిన లెక్కన ఏడాదికి 2 లక్షల 40 వేలు. తిరగబెట్టే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ కాబట్టి, అన్నాళ్లూ చేయిస్తే 4 లక్షల 80 వేలు. ఎఫ్‌డీలో సగానికి పైగా పరీక్షలకే పోతుంది. నిజంగా తిరగబెట్టిన రోజున వైద్యానికి మిగిలేది సగం కూడా ఉండదు. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

పరీక్ష మోసమేమీ కాదు. క్యాన్సర్ కణాల నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ ముక్కల్ని వెతుకుతారు. బ్రిటన్‌లో ట్రేసర్‌ఎక్స్ పరిశోధన 2017లో చూపించింది కూడా అదే: తిరగబెట్టినవాళ్లలో రక్తం స్కాన్ కంటే ముందే సంకేతం ఇచ్చింది. మధ్యస్థంగా 70 రోజుల ముందు. కొందరిలో అది 10 రోజులే, ఇంకొందరిలో దాదాపు ఏడాది. అదే పరిశోధనలో మీకు నేరుగా పనికొచ్చే విషయం ఇంకోటుంది. ఆపరేషన్‌కి ముందు, అంటే గడ్డ ఒంట్లో ఉండగానే చూస్తే, స్క్వేమస్ అనే మరో రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 31 మందిలో 30 మందికి రక్తంలో ఆనవాలు దొరికింది. అడినోకార్సినోమాలో 58 మందిలో 11 మందికే దొరికింది. తర్వాత వచ్చిన పరీక్షలు ఇంతకంటే సున్నితమైనవే, కానీ నాన్నగారిది ఆ రెండో రకం. నెగెటివ్ వచ్చిందని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోలేం. సీటీ స్కాన్లు ఎలాగూ మానకూడదు.

అందుకే డబ్బు కట్టేముందు ఆంకాలజిస్ట్‌ని ఒక్క మాట అడగండి: "పాజిటివ్ వస్తే మీరు చేసే వైద్యంలో ఏం మారుతుంది?" స్కాన్ కాస్త ముందుకు జరుపుతాం అంటే, దానికి 60 వేల పరీక్ష అక్కర్లేదు. ఫలానా మందు మొదలుపెడతాం అంటే, దాని నెల ఖర్చు, ఎన్నాళ్లు వాడాలో కూడా అప్పుడే రాసుకోండి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఈ రకం పరీక్ష చూసి రెండో స్టేజ్ రోగుల్లో ఎవరికి కీమో అక్కర్లేదో తేల్చవచ్చని ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ట్రయల్ 2022లో చూపించింది. ఊపిరితిత్తులకు అంత గట్టి ఆధారం ఇంకా రాలేదు.

నేనైతే ముందు కనుక్కునేది, తీసేసిన గడ్డకు ఈజీఎఫ్ఆర్ పరీక్ష, అంటే ఆ పేరున్న జన్యువులో మార్పు ఉందా అని చూసే పరీక్ష, చేశారా అని. ఆ మార్పు ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు ఒసిమెర్టినిబ్ మాత్ర వాడితే, ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 88 శాతం, వాడనివాళ్లలో 78 శాతం అని అడౌరా ట్రయల్‌లో తేలింది. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో ఈ మార్పు అరుదేం కాదు. మాత్ర ఖరీదైనదే. కానీ ఎఫ్‌డీ కదపాల్సి వస్తే ఇలాంటి దానికోసం కదపాలి. చవకైన సీఈఏ అనే రక్తపరీక్ష కూడా ఉంది. ఆపరేషన్‌కి ముందు అది ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గి ఉంటే, అప్పుడప్పుడు చూస్తుండటం వల్ల ఉపయోగం ఉందేమో డాక్టర్ చెబుతారు. పొగతాగేవాళ్లలో అది మామూలుగానే ఎక్కువ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

డాక్టర్ ఆ ఖరీదైన పరీక్ష చేయించాల్సిందే అంటే, మొదట ఒక్కసారికి చేయించండి, ఏడాది ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. ఎఫ్‌డీ మొత్తం రద్దు చేయకుండా దాని మీద బ్యాంకులో లోన్ తీసుకుంటే, వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఆ డబ్బు నాన్నగారిది. ముందుగా తెలుసుకోవాలని ఆయనకు ఉందో లేదో ఆయన్నే అడగండి. మూడు నెలలకోసారి రిజల్ట్ కోసం ఎదురుచూసే టెన్షన్ కూడా ఆయనదే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. డిశ్చార్జి తర్వాత ఖర్చులు చాలా పాలసీల్లో 60 నుంచి 180 రోజుల వరకే ఇస్తారు, మీకు ఆపరేషన్ అయ్యే ఎనిమిది నెలలైంది. క్యాన్సర్ వైద్యం ఖర్చుకు పాత పన్ను విధానంలో సీనియర్ సిటిజన్‌కు లక్ష రూపాయల వరకు మినహాయింపు ఉంది, ఇన్నాళ్లూ 80డీడీబీ అనే పేరుతో తెలిసినది. స్పెషలిస్ట్ రాసిన చీటీ, బిల్లులు జాగ్రత్త చేయండి. కొత్త విధానంలో ఉంటే అది రాదు.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే మాత్రం రాజీనామాకు ముందే హెచ్‌ఆర్‌ని అడిగి, అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి నాన్నగారిని మార్చే దారి తెలుసుకోండి. క్యాన్సర్ వచ్చినవాళ్లకు బయట కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం.