కౌజు పిట్టలను చైనా పద్ధతిలో ఓవెన్‌లో కాలిస్తే పైన మాడి, లోపల పీచులా ఎండిపోతున్నాయి. ఎందుకు? (కావలి నుంచి)

కౌజు చిన్నది, కొవ్వు బాగా తక్కువ. కోడికిచ్చే టైం ఇస్తే ఎండిపోతుంది. పైన మాడేది తేనె, దాన్ని మొదట్లోనే పూయకండి.

మన వైపు షాపుల్లో తోలు ఒలిచి ఇస్తారు. ఈకలు మాత్రమే పీకి, తోలుతో ఇమ్మని అడగండి, రసం నిలిపేది అదే. సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, సోంపు పొడి పట్టించండి. ఇందులో చైనావాళ్లు వేసే, నాలుకకు తిమ్మిరి ఎక్కించే సిచువాన్ మిరియాలు దొరక్కపోతే మామూలు మిరియాలు వాడొచ్చు, ఆ తిమ్మిరి మాత్రం రాదు. తర్వాత తడి తుడిచి, ఫ్రిజ్‌లో మూత లేకుండా రాత్రంతా ఆరనివ్వండి. దక్షిణ చైనాలోని కాంటన్ వంటవాళ్లు బాతు చర్మాన్ని కాల్చేముందు ఆరబెట్టేది ఇందుకే, తడి పోతేనే కరకరలాడుతుంది.

220 డిగ్రీల్లో సుమారు 15 నిమిషాలు, తేనె చివరి 3 నిమిషాల్లో. లోపల 74 డిగ్రీలు చేరాలి.

ఫారం కౌజులే కొనండి. పొలాల్లో వల వేసి పట్టిన పిట్టలు వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.