చెస్‌బేస్ కొనాలా? ముందు అమ్మాయి గేములు ఎక్కడున్నాయో చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1740. చదువుతో పాటు చెస్‌లోనే ఏదో ఒక దారి చూసుకుంటానంటోంది. కోచ్‌గారు గేములు దాచుకుని వెతుక్కునే చెస్‌బేస్ అనే సాఫ్ట్‌వేర్, దాంతో పాటు మెగా డేటాబేస్ అనే గేముల భండారం కొనమన్నారు. అమ్మాయి స్నేహితురాలేమో అన్నీ ఉచితంగానే దొరుకుతాయి, కొనడం దండగ అంటోంది. ఇంట్లో ఉన్నది మ్యాక్‌బుక్. రోజూ రెండు గంటలు దాని ముందే కూర్చుంటుంది, ఏం చదువుతోందో మాకు అంతుపట్టదు. కొనమంటారా? కొంటే రేపు కెరీర్‌కి పనికొస్తుందా?

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. కోచ్‌గారు చెప్పింది తప్పని కాదు, ఆయన రోజూ వాడే పనిముట్టు అదే కాబట్టి అదే చెప్పారు, ఆయన పనికి అది కావాలి కూడా. అమ్మాయి పని ఇంకా అక్కడిదాకా వచ్చిందా అన్నదే నా అనుమానం.

ఇవాళ సాయంత్రం అమ్మాయిని ఒక్కటే అడగండి, "నువ్వు ఇప్పటిదాకా ఆడిన టోర్నమెంట్ గేములన్నీ ఎక్కడున్నాయి?" అని. స్కోర్ షీట్లు (ఆడిన ఎత్తులు రాసుకునే కాగితాలు) బ్యాగులో కొన్ని, పుస్తకాల మధ్య కొన్ని, మిగతావి ఎక్కడో పోయాయి అంటే గనక, కోటికి పైగా ఇతరుల గేములున్న డేటాబేస్ కొనిచ్చి లాభం లేదు. ఆ స్కోర్ షీట్లన్నీ వెతికి ఒక్క ఫైల్లోకి ఎక్కించడమే ఆమె మొదటి డేటాబేస్. దానికి పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి అంతే.

ఈ మాట ఊరికే అనడం లేదు, నేను చేసిన పిచ్చి పని ఒకటుంది. ఆడుతున్న రోజుల్లో రెండు నెలలు కూర్చుని దొరికిన గేముల ఫైళ్లన్నీ పోగేసి ఒకదాంట్లో కలిపాను. లక్షలకు లక్షలు పెరుగుతుంటే ఏదో సాధిస్తున్నట్టే ఉండేది. తీరా చూస్తే అదే గేము మూడు నాలుగు సార్లు ఉంది, పేర్ల స్పెల్లింగులు వేరు కాబట్టి వేరు గేముల్లా కనిపించాయి. ఆ తర్వాత వెళ్లిన టోర్నమెంట్లో తొమ్మిదో ఎత్తుకే నాకు తెలిసిన లైను, అంటే ముందే నేర్చుకున్న ఎత్తుల వరుస, అయిపోయింది. పోగేయడం వేరు, చదవడం వేరు అని ఆ బోర్డు ముందు కూర్చున్నప్పుడు గానీ తెలియలేదు.

అసలు డేటాబేస్ ఎందుకు పుట్టిందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. 1985లో చెస్ దిగ్గజం కాస్పరోవ్ జర్మనీలోని హాంబర్గ్‌లో ఎనిమిది మంది గట్టి ఆటగాళ్లతో ఒకేసారి ఆడి ఓడిపోయాడు. 1987లో మళ్లీ అలాంటి పోటీకే వెళ్తూ, అప్పుడే తయారైన చెస్‌బేస్‌లో ఎదుటివాళ్ల గేములు చూసుకుని వెళ్లి 7-1తో గెలిచాడు. అంటే ఆయన చేతిలో ఒక ప్రశ్న ఉంది: ఈ ఎనిమిది మంది ఏం ఆడతారు? ఆ ప్రశ్నకు జవాబిచ్చే గేములూ ఉన్నాయి. మీ అమ్మాయి సంగతి అలా కాదు. 1700 స్థాయిలో ఎదురుపడే ఆటగాళ్లలో చాలామంది పేర్లు ఏ డేటాబేస్‌లోనూ దొరకవు, దొరికినా రెండో మూడో గేములు. ఎందుకంటే ఓపెన్ టోర్నమెంట్లలో చాలాసార్లు పై బోర్డుల (బలమైనవాళ్లు కూర్చునేవి) గేములే బయటికి వస్తాయి, కింద బోర్డులవి స్కోర్ షీట్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి "ప్రత్యర్థి మీద ప్రిపరేషన్ కోసం" అని కొంటే ఆ పని పెద్దగా జరగదు. ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) నేర్చుకోవడం, తన తప్పులు తాను చూసుకోవడం, ఎండ్‌గేములు (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) చదవడం, ఇవి జరుగుతాయి. వీటిలో మొదటి రెండూ ఉచిత సాధనాలతోనే బాగా అవుతాయి.

ఎలాగంటే, లీచెస్ అనే ఉచిత చెస్ వెబ్‌సైట్‌లో స్టడీ అని ఒకటుంది. ఒక్కో స్టడీలో 64 అధ్యాయాల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కో అధ్యాయం ఒక్కో గేము. ఈ ఏడాది తెల్లపావులతో ఆడినవన్నీ ఒక స్టడీ, నల్లపావులతో ఆడినవన్నీ ఇంకోటి. ఎత్తుల పక్కన తన మాటల్లో రాసుకోవాలి, ఇక్కడ ఏం ఆలోచించాను, ఎంత టైం పట్టింది, ఎక్కడ నుంచి నాకు తెలియని దారిలో పడ్డాను అని. ముఖ్యం ఏంటంటే ఇదంతా ఇంజిన్ (ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం) ఆపేసి రాయాలి. రెండు గంటలు కూర్చుంటుందన్నారు కదా, నా అనుభవం కొద్దీ చెప్తున్నా, అందులో చాలాభాగం ఇంజిన్ చూపించే ప్లస్ మైనస్ అంకెలు చూస్తూ గడిచిపోతుంటుంది. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, లేచాక ఒక్కటీ గుర్తుండదు. ముందు తన రాత, ఆ తర్వాత ఇంజిన్, రెండింటికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఆగి చూడటం. ఇక ఇంజిన్ కోసం డబ్బు పెట్టే పనే లేదు, స్టాక్‌ఫిష్ ఉచితం, మామూలు లాప్‌టాప్ మీద కూడా అది ప్రపంచ ఛాంపియన్ కంటే బలంగా ఆడుతుంది.

స్టడీ పెట్టేటప్పుడు అది ప్రైవేట్‌గా ఉందో లేదో చూసుకోమనండి. 2018లో అప్పటి ఛాంపియన్ కార్ల్‌సన్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడుతున్న సమయంలో అమెరికా ఆటగాడు కరువానా శిక్షణ శిబిరం వీడియో ఒకటి బయటికి వచ్చింది, అందులో లాప్‌టాప్ తెర మీద ఓపెనింగ్ లైన్లు కనిపించిపోయాయి, తర్వాత ఆ వీడియో తీసేశారు. అంతటివాళ్లకే జరిగింది, మనమెంత.

అదే లీచెస్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ అని ఉంటుంది, ఏ పొజిషన్‌లో ఏ ఎత్తు ఎందరు ఆడారో, ఎంత శాతం గెలిచారో చూపిస్తుంది. ఇది చాలామంది సగమే వాడతారు. మాస్టర్స్ ట్యాబ్ తెరిచి, ఈ ఎత్తుకు గెలుపు శాతం ఎక్కువ కాబట్టి ఇదే ఆడతా అంటారు. అక్కడ ఉన్నవి 2200 పైన రేటింగ్ ఉన్నవాళ్ల గేములు. పక్క ట్యాబ్‌లో లీచెస్‌లో ఆడిన గేములుంటాయి, రేటింగ్‌ను బట్టి వడకట్టి చూడొచ్చు. అమ్మాయి ఎదుర్కొనే స్థాయి పెట్టి చూస్తే బొమ్మ మారిపోతుంది. పెద్దవాళ్లు ఎప్పుడూ ఆడని ఎత్తు ఈ స్థాయిలో మూడొంతుల మంది ఆడుతూ కనిపించవచ్చు, దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి గానీ పదిహేడో ఎత్తు దగ్గర గ్రాండ్‌మాస్టర్లు పెట్టిన కొత్త ఎత్తుకు కాదు. ఆన్‌లైన్ రేటింగూ ఫిడే రేటింగూ ఒకటి కావు, లీచెస్‌ది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, కాస్త పైన పెట్టి చూడమనండి.

శాతాల సంగతి కూడా చెప్పాలి. 12 గేముల్లో 75 శాతం గెలుపు అని కనిపిస్తే అదేమీ కాదు, ఆ 12లో ఎనిమిది ఒకే బలమైన ఆటగాడు తనకంటే బాగా తక్కువవాళ్ల మీద ఆడినవి అయ్యుండొచ్చు. లేదా ఆ లైనుకు మూడేళ్ల కిందట ఎవరో మంచి విరుగుడు కనిపెట్టి ఉండొచ్చు, అప్పట్నుంచి ఎవరూ ఆడకపోతే పాత శాతమే అలా మెరుస్తూ ఉండిపోతుంది. అందుకే అంకె చూడగానే ఆగిపోకుండా కింద ఉన్న గేములు తెరవాలి, ఏ సంవత్సరం, ఎవరి మీద ఎవరు, ఓడినవాడు ఓపెనింగ్ వల్లే ఓడాడా లేక ముప్పయ్యో ఎత్తు దగ్గర పావు ఇచ్చేసుకున్నాడా అని. ఈ అలవాటు వచ్చిన పిల్ల ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా బతికేస్తుంది.

ఇక స్నేహితురాలు చెప్పిన ఉచితం. స్కిడ్ అని చాలా ఏళ్లుగా ఉన్న ప్రోగ్రాం ఒకటి, దాన్నుంచి విడిపోయి వచ్చిన స్కిడ్ వర్సెస్ పీసీ ఇంకోటి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి. చూడటానికి పాతకాలం సరుకులా ఉంటాయి, మెనూల్లో దారి తప్పుతాం, మొదటి వారం విసుగొస్తుంది, దాచడం ఎందుకు. కానీ పొజిషన్‌తో వెతకడం, పావుల లెక్కతో వెతకడం (రూక్, బంటు ఒకవైపు, రూక్ ఒక్కటే ఇంకోవైపు అని చెప్తే అలాంటి ఎండ్‌గేములన్నీ తెచ్చి పెడుతుంది), ఒకే గేము రెండుసార్లు ఉంటే తీసేయడం, పేర్ల స్పెల్లింగులు సరిచేయడం, అన్నీ ఉన్నాయి. కొత్తగా వచ్చినవాటిలో ఎన్ క్రోసాన్ కూడా ఉచితమే, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. గేములు కావాలంటే ద వీక్ ఇన్ చెస్ ఉంది, 1994 నుంచి ప్రతి వారం టోర్నమెంట్ గేములు ఒక ఫైల్‌గా ఉచితంగా ఇస్తున్నారు. వారానికోసారి ఆ ఫైల్ దించుకుని తన ఓపెనింగ్ గేములు మాత్రం వేరుచేసి చూడటం అరగంట పని.

అయితే చెస్‌బేస్‌లో ఏముంది మరి? ముఖ్యంగా రెండు. ఒకటి వేగం, అలవాటు. రౌండ్ పెయిరింగులు (ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా) వచ్చి, ఆటకు గంటన్నర టైం ఉన్నప్పుడు ప్రత్యర్థి పేరు కొట్టగానే ఏ రంగుతో ఏం ఆడతాడు, ఈ మధ్య ఏం మార్చాడు అన్నది చకచకా కళ్ల ముందుకు రావాలంటే దాన్ని మించింది తక్కువే. రెండోది మెగా డేటాబేస్‌లోని వివరణలున్న గేములు. అదే కంపెనీ అమ్మే బిగ్ డేటాబేస్‌లో గేములు ఉంటాయి గానీ వివరణలు ఉండవు. గ్రాండ్‌మాస్టర్ ఒక్కో ఎత్తు దగ్గర ఎందుకు ఆగాడో రాసిన గేము ఒకటి చదవడం, ఉత్త ఎత్తులున్న గేములు వంద తిప్పేయడం కంటే మేలని నేను నమ్ముతాను. అమ్మాయి అవి చదివే మనిషైతే ఆ డబ్బు వృథా కాదు. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, ఫ్రిట్జ్ అనేది కూడా ఆ కంపెనీదే, కానీ అది ముఖ్యంగా ఆడటానికి, విశ్లేషించడానికి, పేరు చూసి పొరపాటున దాన్ని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

మీకు అసలు అడ్డం ఇదీ: చెస్‌బేస్ విండోస్ ప్రోగ్రాం, మ్యాక్‌లో నేరుగా నడవదు. దానికోసం మ్యాక్‌లోనే విండోస్ నడిపించే ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, అది మళ్లీ వేరే ఖర్చు, వేరే తలనొప్పి. డబ్బు పెట్టి మ్యాక్‌కే సరిపడేది కావాలంటే హయార్క్స్ చెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది, చూడండి. కొత్త కంప్యూటర్ కొనే ఆలోచన ఎలాగూ ఉంటే అప్పుడు చెస్‌బేస్ సంగతి ఆలోచించవచ్చు. చెస్‌బేస్ కోసమే కంప్యూటర్ కొనడం మాత్రం 1740 దగ్గర నేను ఒప్పుకోను.

ఎప్పుడు కొనాలి అంటే నాకు కనిపించే గుర్తు ఇది. అమ్మాయి మీ దగ్గరికి వచ్చి "అమ్మా, నేను ఫలానా పని చేయాలనుకుంటున్నా, ఇందులో కావడం లేదు" అని ఆ పని పేరు పెట్టి చెప్పాలి. ప్రత్యర్థుల గేములు డేటాబేస్‌లో దొరకడం మొదలైంది, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య టైం చాలడం లేదు, అంటే కొనండి. అందరి దగ్గరా ఉంది అంటే ఆగండి. మామూలుగా 2000 దాటే వేళకి ఈ అవసరం నిజంగా వస్తుంటుంది, కొందరికి ముందే రావచ్చు.

కెరీర్ గురించి. గేముల ప్రైజ్‌మనీ మీద బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే, ఈ మాట ఆమెకూ తెలిసే ఉంటుంది. కానీ చెస్‌లో పని అంటే ఆడటం ఒక్కటే కాదు. కోచింగ్ ఉంది, దానికి ఫిడే వాళ్లు డెవలప్‌మెంటల్ ఇన్‌స్ట్రక్టర్ నుంచి సీనియర్ ట్రైనర్ దాకా మెట్లు మెట్లుగా టైటిళ్లు ఇస్తారు. పెద్ద ఆటగాళ్లకు ఓపెనింగ్‌లు తయారుచేసి పెట్టే సెకండ్లు ఉంటారు, గేములకు వివరణలు రాసేవాళ్లు ఉంటారు, ఎలక్ట్రానిక్ బోర్డుల నుంచి గేములు లైవ్‌లో పంపేవాళ్లు, ఆర్బిటర్లు (పోటీల్లో రిఫరీలు) ఉంటారు. ఆర్బిటర్‌ని పక్కన పెడితే మిగతా అందరి చేతిలో రోజూ ఆడేది డేటాబేసే. విద్యార్థి ఓడిన 30 గేములు ముందేసుకుని "నువ్వు ఓపెనింగ్‌లో కాదు, రాణులు మారాక ఓడిపోతున్నావ్" అని చూపించగలిగిన కోచ్‌కి విలువ ఉంటుంది. ఆ చూపు ఇప్పుడు తన గేముల మీదే అలవాటవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. లీచెస్ వాళ్లు ప్రతి నెలా ఆడిన రేటెడ్ గేములన్నీ ఎవరైనా వాడుకునేలా ఫైళ్లుగా పెడతారు. పైథాన్-చెస్ అనే ఉచిత లైబ్రరీతో ఆ ఫైళ్లు చదివి, "ఈ రేటింగ్‌లో టైం అయిపోయి ఓడిన గేములెన్ని" లాంటి ప్రశ్నలకు జవాబు రాబట్టవచ్చు. అమ్మాయికి కంప్యూటర్ మీద ఇష్టం ఉంటే ఇది డేటా అనాలిసిస్ నేర్చుకోవడానికి మొదటి ప్రాజెక్టు అవుతుంది, రేపు చెస్ వదిలేసినా చేతిలో ఉండే పని.

చివరగా కోచ్‌గారితో మాట్లాడే విషయం. ఆయన పంపే ఫైళ్లు బహుశా చెస్‌బేస్ సొంత ఫార్మాట్‌లో ఉంటాయి, వాటిని స్కిడ్ నేరుగా తెరవలేదు. పైగా సీబీహెచ్ (ఆ ఫార్మాట్ పేరు అదే) డేటాబేస్ అంటే ఒక ఫైల్ కాదు, అదే పేరుతో పక్కనే ఇంకా చాలా ఫైళ్లుంటాయి, పెన్‌డ్రైవ్‌లోకి ఒక్కటే కాపీ చేసుకుని టోర్నమెంట్‌కి వెళ్లి అక్కడ తెరిస్తే గేములు ఉండవు. కాబట్టి "మాకు పీజీఎన్‌లో పంపండి సార్" అని అడగండి. చెస్‌బేస్‌లో అది నిమిషం పని, పీజీఎన్ మామూలు అక్షరాల ఫైల్ కాబట్టి ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకుంటుంది. అమ్మాయి సొంత గేముల ఫైల్ కూడా పీజీఎన్‌లోనే ఉంచి, ఒక కాపీ మీ మెయిల్‌కి నెలకోసారి పంపించుకోమనండి. నెలకి ఎన్ని కొత్త గేములు చేరాయో, ఎన్నింటికి తను వివరణ రాసిందో మీకూ కనిపిస్తుంది.