సరుకు కొన్న పార్టీ 90 రోజులకు పేమెంట్ ఇస్తానంటే చిన్న యూనిట్ ఓనర్ ఒప్పుకోవాల్సిందేనా?

అక్కర్లేదు, మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే చట్టప్రకారం 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాల్సిందే. పెద్ద పార్టీని అడగలేక చిన్నవాళ్లు నలిగిపోకూడదనే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం) ఈ గడువు పెట్టింది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఇంకా తక్కువ, 15 రోజులే. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ.

ఉదాహరణకు బాలానగర్‌లో అట్టపెట్టెలు చేసే యూనిట్ జూన్ 1న సరుకు దింపింది, చలానా మీద సంతకమూ అయింది. ఆర్డర్ కాగితంలో 90 రోజులని ఉన్నా జూలై 16కల్లా డబ్బు రావాలి. రాకపోతే వడ్డీ లెక్కగట్టి లెటర్ పెట్టండి, మొహమాటపడొద్దు. అప్పటికీ కదలకపోతే ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు.

'90 రోజులకు సంతకం పెట్టేశాం కదా, ఇక అడగలేం' అనుకుంటారు చాలామంది. అది పొరపాటు, 45 దాటిన షరతు చట్టం ముందు నిలవదు. అయితే సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఉద్యమ్ ఉన్నా ఈ రక్షణ రాదు.