అమ్మే రోజు ఏదమ్మాయ్?

అమ్మాయ్,

వాచీల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. మండకపోతే ఇంత ఉత్తరం రాసేదాన్నే కాదు, ‘బాగుంది, రాస్తూ ఉండు’ అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకునేదాన్ని. బాగుంది కూడా, వాక్యం నీ చేతిలో తడబడదు. ఇక అసలు సంగతికొస్తాను.

మొదటి బోనస్‌తో ఖరీదైన వాచీ కొనుక్కోవాలనుకున్న అమ్మాయితో మొదలుపెట్టావు. రెండో పేజీకల్లా ఆ పిల్ల మాయమైపోయి రీసేల్ వాల్యూ వచ్చి కూర్చుంది. రోలెక్స్ అయితే డబ్బు ఎక్కడికీ పోదన్నావు, పాటెక్ ఫిలిప్ అయితే పెరుగుతుందన్నావు, మిగతా వాటికి షోరూమ్ గుమ్మం దాటగానే ధర పడిపోతుందన్నావు, కాబట్టి కొనేముందు చూడాల్సింది అదొక్కటేనని తేల్చేశావు. వ్యాసం మొత్తంలో ఎవరూ ఆ వాచీలో టైమ్ చూసుకోలేదు. సరే, అది వదిలేద్దాం. ఒక్కరైనా దాన్ని అమ్మారా? రీసేల్ గురించి ఇన్ని పేజీలు రాసి అందులో అమ్మకం అన్నదే లేకపోతే ఎలాగమ్మా? కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నారు. నువ్వు అడవి గురించి రాస్తానని బయల్దేరి కొరివి దగ్గరే ఆగిపోయావు.

కొత్తగా రాసేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఇదే, వినేవాళ్లు తక్కువ. వస్తువు ధర రాస్తే దాన్ని అమ్ముకోవాల్సి వచ్చిన రోజు కూడా రాయాలి. ఎవరు అమ్ముతున్నారు, ఏం ముంచుకొచ్చి అమ్ముతున్నారు, బల్లకి అవతల కూర్చున్నవాడు ఎక్కడెక్కడ కోత పెట్టాడు, చివరికి చేతికెంత వచ్చింది. లక్షలు పోసి ఇష్టపడి కొనుక్కున్న వాచీని బాగున్న రోజుల్లో అమ్మేవాళ్లు చాలా తక్కువ. ఉద్యోగం పోయినప్పుడో, ఆసుపత్రి బిల్లు మీద పడ్డప్పుడో, విడాకులప్పుడో అమ్ముతారు. ఆ తొందరలో ఉన్న మనిషికి ఎంతిస్తారో అదీ రీసేల్ వాల్యూ. నువ్వు వెబ్‌సైట్లలో చూసి రాసినవన్నీ అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. అడగడానికేం, ఎంతైనా అడగొచ్చు.

నీ గ్రాఫు ఒకటి. పాటెక్ నాటిలస్ 5711 ధర కొండెక్కుతున్నట్టు గీత వేశావు, ఆ గీత 2022 మార్చి దగ్గర ఆగిపోయింది. తర్వాతేమైందో నీకు తెలియదా, తెలిసే ఆపేశావా? 2021లో కంపెనీ ఆ మోడల్ ఆపేస్తున్నామనేసరికి జనం ఎగబడ్డారు. అదే డిసెంబరులో టిఫనీ నగల కంపెనీ నీలం రంగు డయల్ ఉన్నది వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. కొన్ని నెలలు తిరక్కుండా క్రిప్టో కరెన్సీ కూలింది, వడ్డీలు పెరిగాయి, సెకండ్‌హ్యాండ్ వాచీల ధరలు నెలల తరబడి దిగుతూ పోయాయి. ఎక్కడం రాసి దిగడం రాయకపోతే దాన్ని వ్యాసం అనరు, షాపువాళ్ల కరపత్రం అంటారు.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న రోలెక్స్ డేటోనా సంగతి ఇంకా పాడు చేశావు. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లకు పోయిందని ఒక్క వాక్యం రాసి దాన్ని రీసేల్‌కి సాక్ష్యంగా నిలబెట్టావు. ఆ వాచీకున్నలాంటి డయల్ ఉన్న డేటోనాలు వచ్చిన కొత్తలో కొట్లలో కదలకుండా పడి ఉండేవి. న్యూమన్‌కి కారు రేసుల పిచ్చి కాబట్టి భార్య జోయాన్ వుడ్‌వర్డ్ అది కొని, వెనక జాగ్రత్తగా నడపమని చెక్కించి ఇచ్చింది. ఆయన దాన్ని ఏళ్ల తరబడి వాడాడు. 1984లో కూతురి స్నేహితుడు వాళ్ల తోటలో చెట్టు మీద గుడిసె బాగుచేస్తుంటే టైమెంతయిందని న్యూమన్ అడిగాడు, నా దగ్గర వాచీ లేదన్నాడు ఆ కుర్రాడు, అయితే ఇది ఉంచుకో, కీ ఇస్తే బాగానే నడుస్తుంది అని ఇచ్చేశాడు. ఇంత ఉంది అందులో. నువ్వు వేలం సుత్తి దెబ్బ ఒక్కటి పట్టుకొచ్చావు.

నేను చూసిన అమ్మకం ఒకటి చెబుతాను, ఇలా రాయాలని. మా పై ఫ్లాట్ కుర్రాడు గచ్చిబౌలిలో ఏదో స్టార్టప్‌లో చేసేవాడు. అది మూతపడింది. రోలెక్స్ సబ్‌మెరైనర్ అమ్మాలి, తోడు రండాంటీ అంటే బంజారాహిల్స్ వెళ్లాం. అది 2022 మొదట్లో, షోరూమ్‌లో దొరక్క, షోరూమ్ ధర మీద ఇంకా ఎక్కువిచ్చి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. కొట్టాయన మంచి మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. వాచీ తీసుకుని ముందు గొలుసుని అడ్డంగా పట్టుకుని ఎంత వేలాడుతుందో చూశాడు. తర్వాత స్ట్రాప్ తగులుకునే నాలుగు కొమ్ముల అంచుల మీద బొటనవేలి గోరు పెట్టి రాశాడు. ‘పాలిష్ చేయించారా?’ అన్నాడు. పెళ్లికి మెరవాలని చేయించాడట వీడు. అంచులు అరిగి గుండ్రబడ్డాయి, అదొక కోత. చిన్న మైకులాంటి స్టాండు మీద పెడితే తెర మీద గీతలు పడ్డాయి, రోజుకి ఎన్ని సెకన్లు తేడా వస్తోందో చూసి సర్వీసు చేయించాలన్నాడు, అదొక కోత. ‘ఫుల్ సెట్టేనా?’ పెట్టె ఉంది, కార్డు ఉంది, సైజు తగ్గించినప్పుడు తీసిన గొలుసు ముక్కలు లేవు. అవి విడిగా కొనాలంటే ఖరీదే, ఇంకో కోత. ఇంత చేసి ఆయన మోసం చేశాడా అంటే లేదు. అతనూ దాన్ని బాగుచేయించి, గ్యారంటీ ఇచ్చి, ఎప్పుడు పోతుందో తెలియని సరుకు మీద డబ్బు ఇరికించుకుని కూర్చోవాలి కదా. మొత్తానికి కొన్న ధరలో మూడో వంతు పోయింది. వీడు మెట్ల మీద నిలబడి ఫోన్లో ఇంకా ఎవరో పెట్టిన ప్రకటన చూపిస్తున్నాడు, ‘ఇక్కడ ఇంతుంది ఆంటీ’ అని.

నీ లెక్కలు కూడా చూడు. పది లక్షల వాచీ ఐదేళ్ల తర్వాత పది లక్షలకే పోతే ఏమీ నష్టం లేదని రాశావు. ఏడు శాతం వడ్డీకి అదే పది లక్షలు బ్యాంకులో వేసి వడ్డీ మీద వడ్డీ వేసుకో, పన్ను తీయకుండా 14 లక్షలు దాటుతుంది. మధ్యలో సర్వీసు ఒకటి. కొత్తది కొన్నప్పుడు కట్టిన 18 శాతం జీఎస్టీ నీకెవడూ తిరిగివ్వడు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటితే కొట్టువాళ్లు ఒక శాతం టీసీఎస్, అంటే నీ ఆదాయపన్ను కింద ముందే పట్టుకునే డబ్బు, వసూలు చేస్తారు, అది రిటర్నులో సర్దుబాటవుతుందిలే, కానీ నీ పాన్ మీద కొనుగోలు నమోదవుతుంది. అమ్మేటప్పుడు నగదు ఇస్తానని ఎవరైనా ఆశ పెడితే గుర్తుంచుకో, రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకే అంత మొత్తం జరిమానా. స్విట్జర్లాండ్‌తో కుదిరిన ఒప్పందం 2025 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చింది, వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. కొత్తవాటి ధర ఆ మేరకు తగ్గితే నిన్న కొన్నవాడి పాతదానికి ఎవరు ఎక్కువిస్తారు? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నాకు ఈ పట్టింపు ఎక్కడిదంటావేమో. మా ఆయన అలకపాన్పు మీద వాచీ అడిగారు. మా నాన్న అప్పుచేసి మద్రాసు నుంచి ఫేవర్ లూబా తెప్పించి ఇచ్చాడు. కొన్నేళ్లకి మా ఆయన పనిచేసే మిల్లు లాకౌట్ అయింది, జీతాల్లేవు. పత్రికలవాళ్లు కథకి పంపే మనియార్డరు పాలవాడికే సరిపోయేది కాదు. ఆయనకి మొహం చెల్లక నేనే బీసెంట్ రోడ్డు వైపు ఒక కొట్టుకి వెళ్లాను. ఆ ముసలాయన చాకుతో వెనక మూత తీసి, కంటికి భూతద్దం బిగించుకుని చూసి, లోపలంతా బాగుందమ్మా, డయల్‌కి రంగేశారు అన్నాడు. అంతకు ముందు రిపేరుకిచ్చినప్పుడు ఆ రిపేరువాడు మచ్చలు పడ్డాయని, మమ్మల్ని అడక్కుండా, కొత్తగా కనపడాలని రంగు పూసి అక్షరాలు మళ్లీ రాయించాడు. తళతళలాడుతోందని మేం మురిసిపోయాం. ఆ తళతళకే ధర పడిపోయింది. ఏం అమ్ముతాను, ఇంటికి తెచ్చేశాను.

దీన్ని తర్వాత వ్యాసంగా రాసి ఒక వారపత్రికకి పంపితే, ఆ సంపాదకుడు ‘మీరు ఆడవాళ్ల పేజీకి వంకాయ కూరలు రాయండమ్మా, వాచీలు మగవాళ్ల సంగతి’ అన్నాడు. ఇంకొకాయన వేసుకున్నాడు, వేసుకుని అమ్మబోయిన భాగం మొత్తం ఎత్తేశాడు. సంచిక వచ్చాక చూస్తే ఎదుటి పేజీలో వాచీల కొట్టు ప్రకటన. ఇప్పుడు ఆ సంపాదకులు పోయారు, వాళ్ల స్థానంలో రీల్స్ పిల్లలు వచ్చారు, ‘కొనాల్సిన ఐదు వాచీలు’ అని మణికట్టు ఊపుతూ. నీ వ్యాసంలో ఆ వాసన తగిలింది. అందుకే ఇంత కోపం.

ఇంకోటి ఉంది. మూడో పేజీలో, అడ్డదిడ్డంగా ఎక్కడో, మీ నాన్నగారు హెచ్‌ఎంటీ డయల్‌ని మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకుంటారు, టికెట్లు చింపుతూనే టైమ్ కనబడాలని అన్నావు. అక్కడ ఆగిపోయాను. ఆర్టీసీ కండక్టరు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉన్నాడు. వెంటనే ‘దానికి రీసేల్ వాల్యూ సున్నా’ అని కొట్టిపారేశావు. ముందు, అది అబద్ధం. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో పుట్టిన ఆ వాచీల కంపెనీని 2016లో ప్రభుత్వం మూసేయాలని నిర్ణయించింది. పాత జనతా, పైలట్ మోడళ్ల కోసం తిరిగేవాళ్లు ఇప్పుడు బోలెడుమంది. ఆన్‌లైన్‌లో రంగురంగుల డయల్స్ వేసి, తలో ముక్క కలిపి బిగించినవి అమ్ముతుంటారు, కాబట్టి వెలిసిపోయినా సరే అసలు డయల్ ఉన్నదానికే గిరాకీ. నువ్వు కనుక్కోకుండా సున్నా అని రాశావు. పైగా, ఆ వాచీ ఎప్పుడైనా తాకట్టుకి వెళ్లిందా, నీ ఫీజు కట్టాల్సిన నెలలో నాన్నగారు దాన్ని అమ్మాలనుకున్నారా, అడిగావా? అడిగితే అదే వ్యాసం అయ్యేది.

రీసేల్‌కి అసలు విలువే లేదంటానా? అనను. సమానంగా నచ్చిన వాచీలు రెండు ముందుంటే సులువుగా అమ్ముడయ్యేదే తీసుకో. రోలెక్స్‌కి ఆ సులువు ఉంది, 2022 డిసెంబరు నుంచి కంపెనీయే పాతవాటికి సర్టిఫికెట్ ఇచ్చి అధీకృత షోరూముల్లో అమ్మిస్తోంది. పెట్టె, కార్డు, గొలుసు ముక్కలు ఒకచోట దాచుకో, పాలిష్ జోలికి పోకు, ధర పడిపోయిన మంచి వాచీని సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఆ పడిపోయిన నష్టం ముందువాడి ఖాతాలో ఉంటుంది. నచ్చనిదాన్ని రేపు ధరొస్తుందని కట్టుకుని, గీత పడుతుందేమోనని టెన్షన్ పడుతూ చెయ్యి జేబులో పెట్టుకు తిరగడం మాత్రం నాకు అర్థం కాదు. సగం ధరే వస్తుందనుకుని లెక్క వేసుకో, అప్పటికీ కొనాలనిపిస్తే కొను.

ఏ వాచీ కొనాలో అడిగావు, కలం పేరు అడిగావు, ఏ పత్రికకి పంపాలో అడిగావు. వ్యాసం తిరగరాసి పంపితే పత్రిక సంగతి చూద్దాం. ఈలోగా సెకండ్‌హ్యాండ్ వాచీల కొట్టు ఒకదానికి వెళ్లి ఓ పూట కూర్చో. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్లు, శనివారం వెళ్తే రద్దీలో ఎవరూ మాట్లాడరు. కొనడానికొచ్చానని చెప్పకు, మీ నాన్నగారి వాచీ పట్టుకెళ్లి దీనికెంతిస్తారని అడుగు. ఆయన్ని అడిగి పట్టుకెళ్లు.