జంధ్యాలా, వంశీనా? ఒకే నటుణ్ణి మధ్యలో పెట్టి చూశాను

"తెలుగు సినిమా దర్శకులు జంధ్యాల, వంశీ ఇద్దరిలో మీకు ఎవరిష్టం? ఎందుకు?" అని ఒకరు అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను: వంశీ. అదీ వెంట్రుకవాసి తేడాతో. పదేళ్ల క్రితం అడిగి ఉంటే ఆలోచించకుండా జంధ్యాల అనేవాణ్ణి. మనసు ఎలా మారిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మా ఇంట్లోకి జంధ్యాల ముందు సినిమాగా రాలేదు, క్యాసెట్‌గా వచ్చారు. నాన్న టూ-ఇన్-వన్ పక్కన పాటల క్యాసెట్లతో పాటు "శ్రీవారికి ప్రేమలేఖ" మాటల క్యాసెట్ ఒకటి ఉండేది. అన్నాలు తినేటప్పుడు అది మోగాల్సిందే. చూసొచ్చిన సినిమాని టైటిల్స్ దగ్గర్నుంచీ మ్యూజిక్‌తో సహా వినిపించే హాస్యనటి శ్రీలక్ష్మి సీన్ వస్తే అమ్మ పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయేది. మా తమ్ముడు ఒకరోజు ఖాళీ క్యాసెట్ అనుకుని, సరిగ్గా ఆ సీన్ మధ్యలో రేడియోలోని పాటలు ఎక్కించేశాడు. అప్పట్నుంచీ మాకు శ్రీలక్ష్మి మాట సగంలో ఆగి, ఏదో పాట రెండో చరణం మొదలయ్యేది. చాలా ఏళ్ల తర్వాత టీవీలో ఆ సినిమా మొత్తం చూస్తుంటే, ఆ చోటు రాగానే ఇద్దరం పాట కోసం ఎదురుచూశాం!

బొమ్మ లేకుండా, ఒట్టి మాటలతో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టగలిగిన దర్శకుడు ఆయన. అందుకు కారణం ఉంది. ఆయన నాటకాల నుంచి వచ్చారు. నాటకంలో చివరి వరసలో కూర్చున్నవాడికి నటుడి ముఖం కనపడకపోయినా మాట వినపడాలి, అర్థం కావాలి, నవ్వు రావాలి. తర్వాత సినిమాల్లోనూ ముందు రచయితే. 1980లో వచ్చిన "శంకరాభరణం"కి మాటలు ఆయనవే. మరుసటేడు "ముద్దమందారం"తో దర్శకుడయ్యాక కూడా కెమెరా కంటే మాటనే ఎక్కువ నమ్మారని నాకనిపిస్తుంది.

వంశీ నాకు సరిగ్గా ఇందుకు ఎదురు దారిలో దొరికారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో టీవీకి సౌండ్ పోయింది. బాగుచేసేవాడు ఇవాళా రేపూ అంటూ రెండు వారాలు తిప్పాడు. ఆ రెండు వారాల్లోనే వంశీ సినిమా "ఏప్రిల్ 1 విడుదల" వేశారు. ఎవరూ లేవలేదు. మూగబొమ్మలో హీరో రాజేంద్రప్రసాద్ నడక, తత్తరపాటు, వెనక్కి తిరిగి చూసే తీరు చూసి మామయ్యే కథ కట్టి చెప్పేశాడు. వాటి వెనక సందులు, అరుగులు, ఊరి జనం. ఎండ ఎటు నుంచి పడుతోందో కూడా నాకు గుర్తుండిపోయింది. మాట వినపడలేదన్న వెలితి పాటలప్పుడే తెలిసింది. ఇళయరాజా సంగీతం లేని వంశీ సగం వంశీయేనని అప్పుడు తెలియదు కదా.

ఇక అసలు పోలిక. ఇద్దరు దర్శకుల గొప్ప సినిమాలు రెండు జాబితాలుగా రాసి తూకం వేస్తే ఏదీ తేలదు. వీళ్లిద్దరి విషయంలో మన అదృష్టమేమిటంటే, హీరో ఒక్కడే. జంధ్యాల "అహ నా పెళ్ళంట!" (1987)లో ఉన్నదీ రాజేంద్రప్రసాదే, వంశీ "లేడీస్ టైలర్" (1986), "ఏప్రిల్ 1 విడుదల" (1991)లో ఉన్నదీ ఆయనే. పైగా మూడింట్లోనూ చేసే పని కూడా దాదాపు ఒకటే: అమ్మాయి కోసం అబద్ధాలాడటం.

"అహ నా పెళ్ళంట!"లో డబ్బున్న ఇంటి కుర్రాడు పరమ పిసినారిగా నటిస్తూ, అంతకంటే పిసినారి అయిన కోట శ్రీనివాసరావు ఇంట్లో చేరతాడు. ఇక్కడ అబద్ధం ఒక ఆట. ఒకడు ఒక పొదుపు చిట్కా చెబితే రెండోవాడు దాన్ని తలదన్నేది చెబుతాడు. ఎవరికీ దెబ్బ తగలదని మనకి ముందే తెలుసు కాబట్టి హాయిగా నవ్వుతాం.

"ఏప్రిల్ 1 విడుదల"లో దివాకరం అబద్ధాల మీదే బతుకుతుంటాడు. అమ్మాయి పెట్టిన షరతుకి తలొగ్గి, ఏప్రిల్ ఒకటి దాకా నిజమే చెబుతానని కాగితం మీద సంతకం పెడతాడు. అక్కణ్ణుంచి నవ్వు రంగు మారిపోతుంది. వాడు నిజం చెబుతున్నకొద్దీ చుట్టుపక్కల వాళ్ల గుట్టు బయటపడుతుంది, కాపురాల్లో చిచ్చు రేగుతుంది. నవ్వుతూనే "ఒరేయ్, ఇక నోరు మూసుకోరా" అనాలనిపిస్తుంది. "లేడీస్ టైలర్"లో అదృష్టం తెచ్చే పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం సుందరం చెప్పిన అబద్ధాలు కూడా అంతే, తిరిగొచ్చి వాడి మెడకే చుట్టుకుంటాయి.

చిన్నప్పుడు నాకు మొదటి రకం నవ్వే కావాలి. పెళ్లయి, ఇంట్లో రెండు మూడు చిన్న అబద్ధాలాడి దొరికిపోయాక రెండోది ఎక్కువ నచ్చడం మొదలైంది. వంశీ వైపు ఆ వెంట్రుకవాసి మొగ్గు అక్కణ్ణుంచి వచ్చిందే.

నా కొలతలో లోపాలున్నాయని నాకూ తెలుసు. కోటగారు చూరుకి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే సీన్‌కి సౌండ్ ఎందుకు? జంధ్యాల ఒట్టి మాటల మనిషి అనే నా వాదన ఆ కోడి దగ్గరే ఓడిపోతుంది. అలాగే వంశీ "అన్వేషణ"ని సౌండ్ తీసేసి చూస్తే ఏం మిగులుతుంది? ఆ అడవి భయమంతా చెవిలోంచే ఎక్కుతుంది. "లేడీస్ టైలర్"లో మనం ఇప్పటికీ వాడుకునే మాటలకి, వాటిని రాసిన తనికెళ్ల భరణి గారికి దక్కాల్సింది ఆయనకి దక్కాలి, మొత్తం వంశీ ఖాతాలో వేయకూడదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. జంధ్యాల సినిమాల్లో మనిషికో పిచ్చి అంటగట్టి వదిలేస్తారు. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు చూస్తే ఆ పద్ధతి కనపడిపోతుంది. శ్రీలక్ష్మి అంతటి నటికి ఎప్పుడూ ఎదుటివాణ్ణి వేధించే పాత్రేనా అని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. వంశీ విషయంలో ఆడవాళ్లని చూసే చూపు గురించి ఆమె అడిగే ప్రశ్న ఇంకా పదునైనది. "లేడీస్ టైలర్" పిల్లలతో కూర్చుని చూడలేకపోతున్నాను, అది నిజం. ఆయన తర్వాతి సినిమాల్లో కొన్నింట్లో అదే గోదారి, అవే అరుగులు ఉన్నా కథ మాత్రం చేజారిపోయింది.

మీరు ఇద్దరినీ కొత్తగా చూడబోతుంటే "అహ నా పెళ్ళంట!", "ఏప్రిల్ 1 విడుదల" ఒకే వారంలో, ఇదే వరసలో చూడండి. వంశీలో నవ్వు కాకుండా నది కావాలంటే "సితార" (1984). తన నవలనే సినిమాగా తీశారు, "వెన్నెల్లో గోదారి అందం" పాటకి గాయని జానకమ్మకి జాతీయ అవార్డు వచ్చింది కూడా ఆ సినిమాకే.

మా తమ్ముడు ఈ జవాబు చదివితే ఒప్పుకోడు, వాడిది ఇప్పటికీ జంధ్యాల పార్టీయే. కానీ ఆ క్యాసెట్ మీద పాటలు ఎక్కించింది వాడే కాబట్టి, వాడి ఓటు చెల్లదు.