నిన్ను నమ్మి చెప్పుకునే మాటల గురించి

ప్రభువునందు ప్రియమైన చిట్టితల్లికి,

క్రొత్తగా బాప్తిస్మం పొందిన ఒక అమ్మాయిని విశ్వాసంలో నడిపించడానికి నువ్వు ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత సంతోషించానో అంత కంగారూ పడ్డాను. అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసం తిమోతికి అందినట్టు మన ఇంటి విశ్వాసం నీ ద్వారా మరొకరికి అందబోతున్నదని సంతోషం. నీ మంచి మనసే నిన్ను తొందరపెడుతుందేమోనని కంగారు.

వారానికొకసారి తప్పక కలుసుకోండి. మార్కు సువార్తతో మొదలుపెట్టి కలిసి చదవండి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, సంఘ కాపరిగారిని అడిగి తెలుసుకో.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. నీ వయసులో నాకు ప్రార్థన మీదే నమ్మకం సడలింది. నన్ను నడిపిస్తున్న పెద్దావిడతో, ఆమె ఒక్కరితోనే, ఆ సంగతి చెప్పుకున్నాను. నా చేతులు పట్టుకొని ఆమె కన్నీరు పెట్టుకున్నది. ఆ కన్నీరు నిజమైనదే. అయితే ఆ వారమే గృహకూటంలో ప్రార్థనాంశాలు అడిగినప్పుడు ఆమె నా పేరు చెప్పి, ఈ బిడ్డ అవిశ్వాసంలో పడింది, భారంతో ప్రార్థించండి అన్నది. అందరూ మోకరించారు, ఒకరిద్దరు కళ్ళు తెరిచి నా వైపు చూడడం నేను చూశాను. ఆమె మనసులో కీడు లేదు, నా మేలే కోరింది. కానీ ఆ తరువాత చాలా ఏళ్ళపాటు, ఎలా ఉన్నావని ఎవరడిగినా "దేవుని కృపలో బాగున్నాను" అన్న మాట తప్ప మరొకటి నా నోట రాలేదు.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మళ్ళీ చదువు. అపొల్లో అనే బోధకుడు లేఖనాల్లో ప్రవీణుడే అయినా అతనికి తెలిసినది యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం మాత్రమే. ఎఫెసు సమాజమందిరంలో అతని మాటలు విన్న ప్రిస్కిల్ల, అకుల అతనిని తమతో చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. అందరిలో దిద్ది అవమానించలేదు. అతడే తరువాత అకయలోని విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు.

కోపం తెచ్చుకోకు, నీకు ఏ సంగతీ కడుపులో దాగదు. సంతోషమైనా దుఃఖమైనా పదిమందితో పంచుకుంటే గాని నీకు తోచదు. ఆ గుణం వల్లనే అందరికీ దగ్గరయ్యావు, ఆ అమ్మాయీ అందుకే నిన్ను కోరుకొని ఉంటుంది. ఆమె మాటలు మాత్రం ప్రార్థనాంశంగానైనా బయటికి రానివ్వకు. అయితే ఆమె ప్రాణానికి ముప్పు ఉంటే, లేదా ఎవరైనా ఆమెను హింసిస్తుంటే, ఆ భారాన్ని ఒంటరిగా మోయవద్దు. సహాయం చేయగలవారి దగ్గరికి వెంటనే వెళ్ళు, వీలైతే ఆమెకు చెప్పి, ఆమెను వెంటబెట్టుకొనే వెళ్ళు.

నువ్వు ఎలా ఉన్నావో, ఎక్కడ అలసిపోతున్నావో అన్నీ నాకు వ్రాయి. ఆమె సంగతులు మాత్రం వ్రాయవద్దు, పేరు కూడా వద్దు. నీ దగ్గరికి వచ్చే బిడ్డ అని తలచుకొని ఈ రాత్రి నుండే ప్రార్థిస్తాను. ప్రభువుకు ఆ ఆనవాలు చాలు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ