అంబాసిడర్ హెడ్డుకు ఎంత గాలి కావాలి?

పాత కార్ల శీర్షికకు ఈసారి విశాఖపట్నం నుంచి అందిన ఉత్తరాల్లో మూడు సిలిండర్ హెడ్డు (సిలిండర్ల పైన మూతలా కూర్చుని, వాల్వులు ఉండే భాగం) గురించే ఉన్నాయి. ఒకదాని సమాధానం మరొకదానికి ఉపయోగపడుతుంది కనుక మూడింటినీ ఒకే చోట ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నాన్నగారు కొన్న 1977 నాటి మార్క్ 3 అంబాసిడర్‌ను పాత పెట్రోలు ఇంజన్‌తోనే ఇప్పటికీ నడుపుతున్నాను. ఏడాదికి రెండు మూడుసార్లు కుటుంబంతో అరకు వెళ్తాం. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి బండి బరువెక్కి, రెండో గేరులోనే పాకవలసి వస్తోంది. పిస్టన్లు, రింగులు నిరుడే మార్పించాను. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీగారు హెడ్డు విప్పి, పోర్టులను (హెడ్డులో గాలి వచ్చిపోయే దారులను) పెద్దవి చేసి అద్దంలా పాలిష్ పెడితే పికప్ పెరుగుతుందని అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

సమాధానం: హెడ్డు విప్పించండి, సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకునే అంచులు) కోయించండి, సీటు కింది గొంతును (పోర్టు వాల్వును చేరే చివరి భాగాన్ని) సరిచేయించండి, పోర్టు కొలతను మాత్రం పెంచనివ్వకండి. మేస్త్రీగారి మాటలో కొంత నిజం ఉంది కాబట్టి ఆ నిజం ఎక్కడ వర్తిస్తుందో, మీ బండికి ఎందుకు వర్తించదో కాస్త వివరంగా చెబుతాను.

మీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. 1489 సీసీ, బోరు (సిలిండరు వ్యాసం) సుమారు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లు. బోరు కంటే స్ట్రోకు ఇంత పొడవుగా ఉన్న ఇంజన్ తక్కువ వేగంలో నిదానంగా లాగడానికి పుట్టినదే తప్ప, ఎక్కువ ఆర్‌పీఎంలో పరుగెత్తడానికి పుట్టినది కాదు. మేనిఫోల్డు (హెడ్డుకు గాలిని తెచ్చే, పొగను తీసుకుపోయే గొట్టాల అమరిక) తీసి హెడ్డు పక్కభాగం చూస్తే ఎనిమిది వాల్వులకు ఐదే ద్వారాలు కనిపిస్తాయి. వాటిలో మూడు ఎగ్జాస్ట్‌వి, రెండు ఇన్‌లెట్‌వి. అంటే ఒకటి, రెండు సిలిండర్లు ఒకే దారి నుంచి గాలి పీలుస్తాయి. మూడు, నాలుగు సిలిండర్లు మరో దారి నుంచి పీలుస్తాయి.

ఈ పంపకంలో ఒక చిక్కు ఉంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కనుక రెండో సిలిండరు పీల్చడం మొదలుపెట్టిన అర చుట్టుకే ఒకటోది మొదలుపెడుతుంది. అప్పటికి రెండో సిలిండరు ఇన్‌లెట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు. అందువల్ల దాని నోటికి అందవలసిన చివరి గాలిలో కొంత పక్కదాని వైపు మళ్ళుతుంది. మూడు, నాలుగు సిలిండర్ల మధ్య కూడా ఇదే జరుగుతుంది. ఆ తరువాత చుట్టున్నర దాకా ఆ దారిలో కొత్త పిలుపు ఉండదు. గాలి ఇలా ఆగి, ఉలిక్కిపడి, మళ్ళీ ఆగే దారిని వెడల్పు చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. 30 మిల్లీమీటర్ల దారిని 33 చేస్తే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అదే పరిమాణం గాలి వేగం 17 శాతం తగ్గుతుంది. ఆ గాలిలోని చలనశక్తి దాదాపు మూడో వంతు పోతుంది. పిస్టను కింది నుంచి పైకి తిరిగిన తరువాత కూడా సిలిండరులోకి గాలి దూసుకు వచ్చేది ఆ చలనశక్తితోనే. ఘాట్ రోడ్డులో మీరు నడిపేది 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య. అక్కడ ఈ నష్టాన్ని పూడ్చే లాభం ఏదీ రాదు. 5000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది కానీ మీ క్యామ్‌షాఫ్ట్, మీ సింగిల్ కార్బురేటర్ అక్కడికి ఇంజన్‌ను తీసుకువెళ్ళవు.

మరో కోణంలో చూడండి. 28 అంగుళాల నీటి ఒత్తిడి తేడాతో ఫ్లో బెంచ్‌పై (హెడ్డు గుండా గాలి ఎంత పారుతుందో చూపే పరికరంపై) కొలిచిన గాలిని నిమిషానికి ఘనపుటడుగుల్లో తీసుకుని 0.26తో గుణిస్తే, ఆ సిలిండరు గరిష్ఠంగా ఇవ్వగల హార్స్‌పవర్ రమారమి తెలుస్తుందని రేసు ఇంజన్లు కట్టేవారు ఒక మోటు లెక్క వాడతారు. దాన్ని తిరగేసి, 50 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉండే ఇంజన్‌కు సిలిండరుకు పన్నెండున్నర చొప్పున పెడితే, 48 ఘనపుటడుగులు చాలుతాయి. జంట పోర్టులకు ఈ లెక్క యథాతథంగా సరిపోదు. అయినా మీ ఇంజన్‌కు కొరత పోర్టు వెడల్పులో లేదని గ్రహించడానికి చాలు.

మరి కొరత ఎక్కడ ఉంది? వాల్వు దగ్గరే. వాల్వు లేచినప్పుడు దాని అంచు చుట్టూ తెరుచుకునే సందు వైశాల్యం, వాల్వు వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచినప్పుడే వాల్వు ముఖం వైశాల్యానికి సమానమవుతుంది. 36 మిల్లీమీటర్ల వాల్వుకు ఆ ఎత్తు 9 మిల్లీమీటర్లు. అంతకు లోపల గాలిని ఆపేది పోర్టు కాదు, ఆ సన్నని సందే. పైగా వాల్వు ప్రతి చిన్న ఎత్తునూ రెండుసార్లు, లేచేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటుతుంది. గరిష్ఠ ఎత్తును తాకేది ఒక్కసారే. కాబట్టి సీటు వద్ద చేసే పనికే ఎక్కువ ఫలితం ఉంటుంది. సీటును 45 డిగ్రీల వద్ద, ఇన్‌లెట్‌కు ఒకటిన్నర, ఎగ్జాస్ట్‌కు రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉండేలా కోయించి, పైన 30 డిగ్రీలు, కింద 60 డిగ్రీల కోతలు వేయించండి. సీటు కింద కోత ఆగి ముడి ఇనుము మొదలయ్యే చోట పదునైన మెట్టు ఒకటి మిగిలి ఉంటుంది. వేలు పెడితే తగులుతుంది. దాన్ని కార్బైడ్ బర్‌తో నున్నగా కలిపించండి. గొంతు వ్యాసం వాల్వు వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉంటే చాలు. గాలి కిందికి మళ్ళే లోపలి మలుపును మాత్రం ఎవరినీ దించనివ్వకండి. అక్కడ గాలి గోడను వదిలేస్తే దారి ఎంత పెద్దదైనా ప్రవాహం పెరగదు. రెండు వాల్వుల మధ్య గాలిని చీల్చే ముక్కును కూడా కోయవద్దు. పుష్‌రాడ్ల (వాల్వులను లేపే కడ్డీల) దారులు పోర్టుల పక్కనుంచే వెళ్తాయి, వెనుక నీటి జాకెట్ ఉంటుంది. పోత పోసినప్పుడు కోర్ (లోపలి ఖాళీల కోసం పెట్టే అచ్చు) కాస్త జరిగి ఉంటే ఒకచోట గోడ మీరు ఊహించిన దానికంటే పలుచగా ఉండవచ్చు. తీసిన ఇనుము మళ్ళీ అతకదు.

పాలిష్ గురించి: ఇన్‌లెట్‌కు అద్దంలాంటి మెరుపు పెట్టడం శ్రమ దండగ. పెట్రోలు చుక్కలు నున్నటి గోడకు పారాడి జారతాయి. 80 నంబరు ఎమెరీ గరుకు వదిలితే మళ్ళీ గాలిలో కలుస్తాయి. ఎగ్జాస్ట్‌కు మెరుపు పెట్టవచ్చు, కార్బన్ ఆలస్యంగా పేరుకుంటుంది. ఇక మేనిఫోల్డు హెడ్డును కలిసే చోట గాలికి ఎదురుగా నిలిచే మెట్టు లేకుండా గ్యాస్కెట్‌తో సరిపోల్చి చూడండి. ఆ మెట్టు సరిచేయడమే కొన్ని హెడ్లకు సగం పని.

ఈ హెడ్డులోని గుండె ఆకారపు దహన గది వెనుక హ్యారీ వెస్లేక్ (1897–1978) కృషి ఉందని గుర్తుచేయాలి. 1920లలోనే గాలి ప్రవాహాన్ని కొలిచి హెడ్లు సరిచేసిన ఇంజనీరు ఆయన. కొలిచి గీసిన ఆకారాన్ని కొలవకుండా గీకి మార్చడం నాకు మనసొప్పదు.

చివరగా, అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రతీరం కంటే 8, 9 శాతం తక్కువ, శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఏ హెడ్డూ దీన్ని తప్పించలేదు. హెడ్డు విప్పే ముందు ఇగ్నిషన్ టైమింగ్, వాల్వు క్లియరెన్స్, కంప్రెషన్ మాత్రం చూపించుకోండి.

ప్రశ్న: గాజువాకలో మా బాబాయిగారి లేత్ షాపు ఉంది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ, అక్కడే వాక్యూమ్ క్లీనర్ మోటార్లు నాలుగు పెట్టి, నీటి మానోమీటరుతో (నీటి మట్టం తేడాతో ఒత్తిడిని చూపే గొట్టంతో), 10 అంగుళాల ఒత్తిడికి ఒక ఫ్లో బెంచ్ కట్టుకున్నాను. ఒకే హెడ్డు ఉదయం ఒక రీడింగు, మధ్యాహ్నం మరో రీడింగు ఇస్తోంది. తేడా 5 శాతం వరకు ఉంటోంది. మన సముద్రపు తేమే కారణమా?
– ఒక విద్యార్థి, గాజువాక

సమాధానం: తేమ కాదు. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి పొడి గాలి కంటే దాదాపు ఒకటి పాయింట్ మూడు శాతమే తేలిక. ప్రవాహం దాని వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక ఫలితం అర శాతం చిల్లరే. హెడ్డు గుండా, ఓరిఫైస్ ప్లేటు (ప్రవాహాన్ని కొలవడానికి పెట్టే, తెలిసిన కొలత రంధ్రం ఉన్న రేకు) గుండా వెళ్ళేది ఒకే గాలి కావడం వల్ల అది కూడా చాలావరకు కొట్టుకుపోతుంది.

నా అనుమానం మొదట కరెంటు వోల్టేజీ మీద. మధ్యాహ్నం వోల్టేజీ పడిపోతే మోటార్లు నెమ్మదిస్తాయి, 10 అంగుళాల ఒత్తిడి 9కి జారుతుంది, మీరు దాన్ని గమనించకుండా ప్రవాహం మాత్రమే చదివితే సరిగ్గా 5 శాతం తక్కువ వస్తుంది. ఎందుకంటే 0.9 వర్గమూలం 0.949. ప్రతి రీడింగుకు ముందు బైపాస్ వాల్వు తిప్పి మానోమీటరును 10 దగ్గరికి తెచ్చుకుని, స్థిరపడే వరకు ఆగండి. ఆ తరువాత ఉష్ణోగ్రత. గాలి హెడ్డును దాటి, మోటార్ల మీదుగా వేడెక్కి, ఓరిఫైస్‌కు చేరేలా బెంచ్ కట్టి ఉంటే, రెండు చోట్ల మధ్య పది డిగ్రీల తేడాకే సుమారు ఒకటిన్నర శాతం తప్పు వస్తుంది. రెండు చోట్లా థర్మామీటర్లు పెట్టండి.

వీటికి ముందు చేయవలసిన పని ఒకటుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రం, పదునైన అంచుతో, పలుచని రేకులో మీ లేత్‌పైనే కోసుకోండి. దాని గుణకం (లెక్క ప్రకారం రావలసిన గాలిలో నిజంగా పారే వంతు) 0.6 ప్రాంతంలో ఉంటుంది కనుక 10 అంగుళాల వద్ద గాలి సెకనుకు 65 మీటర్ల వేగంతో దూసుకుపోయి, నిమిషానికి 58 నుంచి 60 ఘనపుటడుగుల మధ్య రావాలి. రోజూ హెడ్డు పెట్టే ముందు ఈ రేకును పెట్టి చూడండి. రేకు రీడింగు మారితే తప్పు బెంచ్‌లో ఉంది. రేకు మారకుండా హెడ్డు మాత్రమే మారితే తప్పు మీరు దాన్ని కూర్చోబెట్టిన తీరులో ఉంది. ఆ తీరులో చాలామంది విస్మరించేవి మూడు. సిలిండరు స్థానంలో ఇంజన్ బోరు కొలతకు సరిపోయే గొట్టం పెట్టి, వాల్వు అసలు ఇంజన్‌లో ఉన్నట్టే గోడకు అంతే దగ్గరగా ఉండేలా చూడాలి. ఇన్‌లెట్ మూతి చుట్టూ పిల్లలు ఆడుకునే రబ్బరు మట్టితో గుండ్రని పెదవి చేయాలి, లేకపోతే పదునైన అంచు వద్దే ప్రవాహం విరిగి పోర్టు చెడ్డదనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గు బిగించి, వాల్వులు మూసి, లీకు ఎంతో కొలిచి ఆ మొత్తాన్ని ప్రతి రీడింగు నుంచి తీసివేయాలి.

వాల్వును డయల్ గేజ్‌తో ఒక్కో మిల్లీమీటరు లేపుతూ, ఇన్‌లెట్‌ను పీల్చి, ఎగ్జాస్ట్‌ను ఊది కొలవండి. 28 అంగుళాల లెక్కతో పోల్చాలంటే మీ అంకెను 1.67తో గుణించండి. ఒక హెడ్డు నాలుగు సిలిండర్ల అంకెలు పక్కపక్కన రాసుకోండి. గరిష్ఠ అంకె పెద్దదిగా ఉండడం కంటే వాటి మధ్య తేడా చిన్నదిగా ఉండడం రోడ్డు మీద నడిచే ఇంజన్‌కు ఎక్కువ మేలు చేస్తుంది. అయితే మీ బెంచ్‌పై గాలి ఆగకుండా పారుతుంది, ఇంజన్‌లో ఆగి ఆగి పారుతుంది. పై ఉత్తరంలో చెప్పిన జంట పోర్టుల మధ్య గుంజుకోలు మీ మానోమీటరులో కనిపించదు. అది రోడ్డు మీదో డైనమోమీటరు (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీదో చూడవలసినదే.

ప్రశ్న: మాదీ అంబాసిడరే. హెడ్డు విప్పాం. ఎగ్జాస్ట్ సీట్లు లోపలికి దిగిపోయాయి. పోర్టు పని ముందా, సీటు పని ముందా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: సీటు పని ముందమ్మా. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం వాల్వుకు, ఇనుప సీటుకు మధ్య పలుచని పొరలా నిలిచి రాపిడిని తగ్గించేది. అది లేకపోవడంతో పోత ఇనుములోనే కోసిన ఎగ్జాస్ట్ సీట్లు వేడికి వాల్వుకు అతుక్కుని, చిట్లి, అరిగి దిగిపోతాయి. గట్టి సీటు రింగులు వేయించండి. పని వరుస ఇలా ఉండాలి: మొదట గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు), తరువాత రింగులు, ఆపై గైడును ఆధారంగా చేసుకుని సీటు కోత, చివరన గొంతును రింగుతో కలిపే గీకుడు. గైడు మార్చకుండా సీటు కోస్తే అది వంకర గైడుకు తగ్గట్టు వంకరగానే కూర్చుంటుంది, తరువాత గైడు మార్చిన రోజున మళ్ళీ కోయవలసి వస్తుంది. రింగు లోపలి అంచు గొంతులోకి మెట్టులా పొడుచుకు వస్తే ఎగ్జాస్ట్ ప్రవాహం పాత సీటు కంటే తగ్గుతుంది కాబట్టి, హెడ్డు తిరిగి బిగించే ముందు ఆ నాలుగు గొంతుల్లోనూ వేలు పెట్టి మీరే చూసుకోండి.